డప్పుకి లగేజీ టిక్కెట్

రాత్రి తొమ్మిదికి జిరాక్సు మిషను కట్టేశాను.
ఆఖరి కాపీ ఇంకా వెచ్చగా ఉంది:
రేపు, మధ్యాహ్నం మూడు, కాకినాడ,
వాళ్ల కోర్టులో.

వాళ్ల కోర్టంటే మీకు తెలీదు.
రెండు వరసల మెట్లు, మిగతాదంతా పిట్టగోడ.
గోడెక్కిన కుర్రాళ్లు మెస్ కంచాల మీద
గరిటెలతో బాదుతారు,
మన పిల్ల ఫ్రీత్రోకి నిలబడి ఊపిరి పీల్చుకునే సమయానికి సరిగ్గా.
పోయినేడు షబానా రెండోది తప్పింది అందుకే.
అందుకేనని మేమంటాం.
తను మాత్రం, "చెయ్యి చెమటపట్టింది బాబాయ్" అంది.
తిరుగు బస్సులో తుని దాటేదాకా మరో మాట లేదు.

ఒక్క పాయింటు.
పదకొండు నెలలుగా
నా గల్లాపెట్టెలో చెల్లని బిళ్లలా
అది అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

నాకీ పిచ్చి ఎలా పట్టిందంటారా?
ఓ సాయంత్రం బంతి కాలేజీ గోడ దాటొచ్చి
షాపు అద్దం పగలగొట్టింది.
డబ్బులు అడుగుదామని వెళ్లి
ఆట అయ్యేదాకా నిలబడిపోయాను.
అద్దం డబ్బులు ఇప్పటికీ రాలేదు.

ఈసారి జట్టుని ముందే రైల్లో పంపేశారు.
వెనకాల మేం ఏడుగురం, ఆరింటి బస్సుకి.
టీకొట్టు నూకాలు, పొయ్యి మరిదికి అప్పజెప్పి.
రిటైరైన లైబ్రేరియన్ డేవిడ్‌రాజు గారు:
ముప్పయ్యేళ్లు నిశ్శబ్దం, నిశ్శబ్దం అన్న గొంతు కదా,
అరవమంటే అరవలేరు.
అందుకని ఫౌల్సు లెక్క రాస్తారు, ఎర్ర సిరాతో.
కంచరపాలెం ఎల్లారావు, అతని డప్పు.
గాజువాకలో ఎక్కే అప్పలకొండ,
స్టీలు ప్లాంటు రాత్రి షిఫ్టు దిగి అలాగే వస్తాడు,
దారంతా నిద్రపోతాడు,
ఆట మొదలైతే లేపమంటాడు.
ఒకసారి మర్చిపోయాం. మూడు నెలలు మాట్లాడలేదు.

పదిన్నరకి నూకాలు ఫోను:
"రేవులో మూడో నెంబరు ఎగరేసీసారంట. ఏటవుద్దో ఏటో."
వాళ్లది సిమెంటు కోర్టు, పైన కప్పులేదు.
చినుకు పడితే వాయిదా,
వాయిదా అంటే పరీక్షల తరవాత,
పరీక్షల తరవాతంటే గౌరీశ్వరి ఉండదు,
ఆఖరేడాది కదా,
ఆ ఎడమచేతి లేఅప్ ఇంకెవరికొస్తుంది?

డాబా ఎక్కాను.
యారాడ కొండ మీద మబ్బు కూర్చుంది.
డాల్ఫిన్స్ నోస్ దీపం మాత్రం
రెఫరీలా ఎటూ మొగ్గకుండా తిరుగుతోంది,
మా వైపు ఓసారి, సముద్రం వైపు ఓసారి.
నేనూ అంత ధర్మంగా ఉండగలిగితే
ఈపాటికి నిద్రపోయేవాణ్ణి.

తెల్లారకుండానే కాంప్లెక్సులో కలిశాం.
తేమకి డప్పు మెత్తబడిందని
ఎల్లారావు ఇడ్లీ బండి పొయ్యి దగ్గర దాన్ని కాస్తున్నాడు,
చంటిపిల్ల వీపు తడుముతున్నట్టు.
"ఒక్కసారి కొట్టరా" అంది నూకాలు.
"ఇప్పుడు కాదు. అక్కడే."
వేలితో మాత్రం అంచు మీద చిన్నగా తట్టాడు.
అందరం వేరే ఎటో చూస్తూ విన్నాం.

బస్సెక్కాక కండక్టరు అడిగాడు:
"సీట్లో ఏంటండీ అది?"
"డప్పు."
"ఒళ్లో పెట్టుకోండి, లేదా లగేజీ టిక్కెట్టు తీయండి."
ఒళ్లో పెడితే మళ్లీ చెమ్మెక్కుతుందని ఎల్లారావు,
రూలు రూలేనని అతను,
ఆడపిల్లల మ్యాచికండీ, కాలేజీ పరువండీ అని నేను.
"ఎవరితో?"
చెప్పాను.
టిక్కెట్టు మిషన్లోంచి కాగితం టక్కున చింపి
నా చేతిలో పెట్టాడు.
"మాదీ కాకినాడేనండి. రండి, చూసుకుందాం."

డేవిడ్‌రాజు గారు మాట్లాడకుండా
నోటుబుక్కు తీసి, కలం మూత విప్పి,
కొత్త పేజీలో రాశారు:
కండక్టరు, ఫౌలు ఒకటి.

ఎన్.ఎ.డి. దాటింది బస్సు.
కిటికీ అద్దం మీద
ఒక చినుకు.

నూకాలు కొంగుతో తుడిచేసింది, లోపలి వైపునించి.
అది బయట ఉంది.
ఎవరం ఏమీ అనలేదు.